ఓడ బొమ్మను ఆట బల్ల మీద పెడితే వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

ఓడ బొమ్మను తయారుచేసేవాళ్లు దాన్ని చూడటం కోసం చేస్తారు. మనం దాని మీద చేతులు పెట్టి ఆడతాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, పాత్రల బొమ్మలు కదుపుతూ కథ నడిపే ఆటల్లో ఓడను టెర్రైన్‌గా, అంటే ఆ బొమ్మలు నిలబడే చోటుగా వాడినప్పుడు వచ్చే ఇబ్బందులు దాదాపు అన్నీ ఈ తేడా నుంచే పుడతాయి. మా బ్యాచ్ చాన్నాళ్లుగా సముద్రం కథ ఒకటి ఆడుతోంది. ఈలోపు మూడు ఓడలు మార్చాం. కింద రాసినవన్నీ ఆ బల్ల దగ్గర ఎదురైనవే. మీ సమస్య ఏదో ఆ భాగానికి నేరుగా వెళ్లండి. ఇంకా ఓడ కొనకపోతే మాత్రం మొదటి భాగం తప్పకుండా చదవండి.

ఓడ పెద్దదే, కానీ డెక్ మీద నలుగురికి కూడా చోటు లేదు

ఇది అందరికీ వచ్చే సమస్య. రెండడుగుల ఓడ ఇంటికి తెచ్చుకుంటాం. తీరా మినీలు (పాత్రలుగా వాడే చిన్న మనిషి బొమ్మలు) పెట్టి చూస్తే తలుపు మనిషి నడుము దాకా ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన నిలబడితే డెక్ నిండిపోతుంది.

కారణం స్కేల్. మన గ్రిడ్‌లో, అంటే ఆట గళ్లలో, అంగుళం గడి అంటే ఐదు అడుగులు, అంటే 60 అంగుళాలు. కాబట్టి మన బల్ల 1:60 స్కేల్‌లో ఉన్నట్టు లెక్క. ఓడ కిట్లు (ముక్కలు అతికించి చేసుకునే ఓడ బొమ్మలు) 1:72, 1:96, 1:100, 1:180, 1:350 ఇలా రకరకాలుగా వస్తాయి. పెట్టె మీద ఉన్న రెండో అంకె పెరిగేకొద్దీ ఆ ఓడలో మనిషి చిన్నవాడవుతాడు. ఆరడుగుల మనిషి 1:72లో సరిగ్గా ఒక అంగుళం ఉంటాడు. 1:96లో ముప్పావు అంగుళం, 1:180లో సుమారు 10 మిల్లీమీటర్లు. మన మినీలేమో 28 నుంచి 32 మిల్లీమీటర్లు.

లండన్ గ్రీనిచ్‌లో ఉన్న కట్టీ సార్క్‌నే తీసుకోండి. 1869లో నీళ్లలోకి దిగిన ఓడ. పొడవు 212 అడుగులు, వెడల్పు 36 అడుగులు. మన గ్రిడ్ ప్రకారం ఏడు గడులకు పైనే వెడల్పు రావాలి. 1:96 కిట్‌లో వచ్చేది నాలుగున్నర అంగుళాలే. అందులో డెక్ మీది గదులు, చిన్న పడవలు పోగా మిగిలేది రెండు మినీల దారి. పొడవు మాత్రం 26 అంగుళాలు దాటుతుంది కాబట్టి షాపులో చూసినప్పుడు సరిపోతుందనిపిస్తుంది. అందుకే నేను పొడవు చూడటం మానేశాను. డెక్ మధ్యలో, అడ్డంగా, ఖాళీగా ఎన్ని అంగుళాలు ఉన్నాయో అదొక్కటే కొలుస్తాను. నాలుగు కంటే తక్కువుంటే కొనను. ఇంటి అలంకరణకు అమ్మే చెక్క ఓడలకైతే అసలు స్కేలే ఉండదు. వాటిని కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక మినీ, చిన్న టేపు పెట్టుకెళ్లండి.

అలాగని సరిగ్గా 1:60లో ఉన్న పెద్ద యుద్ధనౌక కోసం వెతకనక్కర్లేదు. పోర్ట్స్‌మత్‌లోని హెచ్‌ఎంఎస్ విక్టరీ ఫిరంగుల డెక్ పొడవు 186 అడుగులు. 1:60లో చేస్తే 37 అంగుళాలు, వెడల్పు పది అంగుళాలకు పైమాటే. మామూలు డైనింగ్ టేబుల్ మీద అది పెట్టాక పాచికలు వేయడానికి చోటు మిగలదు.

ఇప్పటికే చిన్న స్కేల్ ఓడ కొనేసి ఉంటే దాన్ని పారేయకండి. ముందు కిట్ మీద ఉన్న పేరు మర్చిపోండి. టేపుతో కొలిచి, వచ్చిన అంగుళాలను ఐదుతో గుణిస్తే వచ్చే అడుగులే మీ కథలో ఆ ఓడ కొలత. 26 అంగుళాల కిట్ 130 అడుగుల ఓడ అవుతుంది. కథకు అది చాలు. ఇక చూసేవాళ్లకు స్కేల్‌ను పట్టించేవి తలుపులు, మెట్లు, చుక్కాని చక్రం, ఫిరంగులు. వీలైతే ఇవి ఊడదీసి, మినీల ఎత్తుకు తగ్గవి పెట్టండి. నేను ఐస్‌క్రీమ్ పుల్లలతో కొత్త తలుపు చేసి పాత తలుపు మీదే అంటించాను. రెండు పీపాలు, కొత్త చక్రం, కొత్త మెట్లు, అంతే. ఓడ మొత్తం పెద్దదైనట్టు కనిపించింది.

చెయ్యి పెడితే తాళ్లు తెగుతున్నాయి, తెరచాపల కొయ్యలు విరుగుతున్నాయి

నిజమైన విక్టరీ మీద దాదాపు 26 మైళ్ల తాళ్లు ఉండేవంటారు. మంచి కిట్లు అందులో వీలైనంత చూపిస్తాయి. గాజు పెట్టెలో ఉన్నప్పుడు ఆ తాళ్లే ఓడకు అందం. ఆటలో మాత్రం ఒక మినీని కదపాలంటే చెయ్యి మూడు వేళ్ల సందులోంచి దూరాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెరచాపలు అడ్డం. మాకు రెండో సెషన్‌లోనే ముందు కొయ్య విరిగింది. తప్పు ఆడేవాళ్లది కాదు, ఓడను అలా పెట్టిన నాదే.

దీనికి సరైన పరిష్కారం కొయ్యలు ఊడొచ్చేలా చేయడం. కొయ్యను డెక్‌కు ఒక అంగుళం పైన కోసి, రెండు ముక్కల్లోనూ సన్నని రంధ్రం వేసి, పై ముక్కలో లోహపు కడ్డీ అంటించండి. కింది ముక్కలో అంటించకండి. ఊరికే దిగితే చాలు. ప్రయాణం చేస్తున్నప్పుడు ఓడ నిండుగా ఉంటుంది, పోరాటం మొదలవగానే పై ముక్కలు తీసి పక్కన పెడతాం. ఇలా తీయాలంటే డెక్ నుంచి కొయ్యకు కట్టిన తాళ్లు ఉండకూడదు. ఒక కొయ్య నుంచి ఇంకో కొయ్యకు వెళ్లేవీ ఉండకూడదు. ఆ తాళ్లను వదులుకోవడానికి మనసొప్పదు, తెలుసు. అయినా వదులుకోండి.

తెరచాపలను మాత్రం పూర్తిగా తీసేయకుండా చుట్టేసి కట్టినట్టు చేయండి. టిష్యూ పేపర్‌ను నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, అడ్డ కర్ర మీద చుట్టి, దారంతో అక్కడక్కడా కడితే చాలు. ఇది చరిత్రకు విరుద్ధం కూడా కాదు. ఆ కాలపు యుద్ధాల్లో అన్నిటికంటే కిందుండే పెద్ద చాపలను సాధారణంగా పైకి ఎత్తి కట్టేసేవాళ్లు. ఎదురుగా కనిపించాలి, ఫిరంగుల నిప్పు అంటుకోకూడదు, అందుకు.

ఎవరైనా కొయ్య ఎక్కుతానంటే? కొయ్య మధ్యలో ఉండే చిన్న వేదికను మూడంగుళాల అట్ట బిళ్లగా విడిగా చేసి బల్ల అంచున పెట్టండి. ఎక్కినవాళ్ల మినీ దాని మీదికి వెళ్తుంది.

ఇంకా ఓడ ఎంచుకోని వాళ్లకు ఒక మాట. మూడు కొయ్యల ఐరోపా ఓడే కావాలని ఏమీ లేదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. అలాంటి ఓడను సొంతంగా చేసుకుంటే చేతికి చోటూ దొరుకుతుంది, బల్ల మీద మన సముద్రమూ వస్తుంది. నా తర్వాతి ఓడ అదే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఎవరో నెలల తరబడి కూర్చుని చేసిన, తాళ్లన్నీ కట్టిన ఓడ మీ చేతికొస్తే దాన్ని కోయకండి. దాన్ని బల్ల చివర అందరికీ కనిపించేలా పెట్టి, డెక్ ప్లాన్‌ను సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ అట్ట) మీద గీసుకుని దాని మీద ఆడండి.

ఓడ నిలబడట్లేదు, ముట్టుకుంటే ఒరుగుతోంది

కిట్‌లో నీటి కింద ఉండే భాగం కూడా ఉంటుంది కాబట్టి అడుగు సన్నగా ఉంటుంది. కిట్‌తో వచ్చే స్టాండ్ మీద పెడితే నిలబడుతుంది గానీ ఓడ గాల్లో వేలాడుతున్నట్టుంటుంది, చెయ్యి తగిలితే ఊగుతుంది. అడుగు కోసేసేవాళ్లున్నారు. నేను కోయను, ఒకసారి కోస్తే వెనక్కి రాదు. దానికి బదులు సముద్రాన్ని పైకి లేపండి. థర్మోకోల్ షీట్లు ఓడ నీటి గీత ఎత్తు వరకు పేర్చి, ఓడ ఆకారంలో మధ్యలో కోసి, అందులో ఓడను దించండి. అడుగున, వెనుక చుక్కాని దగ్గర సందు ఉంటే స్పాంజి ముక్కలు కుక్కితే కదలదు.

ఇక్కడే ఇంకో సమస్య: నీలం స్ప్రే కొట్టగానే థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. స్ప్రేలోని సాల్వెంట్ దాన్ని తినేస్తుంది. ఫెవిక్విక్ లాంటి జిగురూ అంతే చేస్తుంది. ముందు ఫెవికాల్ పూసి టిష్యూ పరచండి. అలలు కూడా ఆ టిష్యూ ముడతలతోనే వచ్చేస్తాయి. ఆరాక యాక్రిలిక్ రంగును బ్రష్‌తో వేయండి. స్ప్రే డబ్బా జోలికి పోకండి.

మినీలు జారిపోతున్నాయి

డెక్ చదునుగా ఉండదు. నీళ్లు పక్కలకు జారిపోవాలని నిజమైన ఓడల్లో డెక్ మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంటుంది, ముందూ వెనుకా పైకి లేస్తుంది. మంచి కిట్లు ఆ వంపును అలాగే చూపిస్తాయి. డెక్ ఇంకా అంటించకపోతే దాని అడుగున బిస్కెట్ డబ్బా రేకు ముక్కలు అతికించి, మినీల బేస్ కింద చిన్న నియోడైమియం అయస్కాంతాలు పెట్టండి. డెక్ మందంగా ఉంటే పట్టు చాలదు, ముందే ఒకటి పెట్టి పరీక్షించండి. ఓడ పూర్తయిపోయి ఉంటే బేస్ కింద బఠాణీ గింజంత బ్లూ టాక్ (మళ్లీ ఊడదీయగలిగే జిగురు ముద్ద) చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే అయస్కాంతాలు వద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి.

ఎవరు ఏ గడిలో ఉన్నారో ప్రతిసారీ వాదన

డెక్ మీద గడులు గీస్తే ఓడ చదరంగం బల్లలా అయిపోతుంది, గీయకపోతే గొడవ. పక్క గోడ మీద, రెండు వైపులా, అంగుళానికొక చిన్న చుక్క పెట్టండి. డెక్ చెక్కల అతుకుల్లో అంగుళానికి ఒకటి చొప్పున పెన్సిల్‌తో కొంచెం నల్లగా చేయండి. దగ్గరికొస్తే గడి కనిపిస్తుంది, దూరం నుంచి చెక్కే కనిపిస్తుంది. ముందు భాగం సన్నబడే చోట సగం గడులు వస్తాయి. సగానికి పైన ఉంటే నిలబడొచ్చు అని మొదటి రోజే చెప్పేయండి.

రెండు ఓడలు ఆనించినా డెక్‌లు కలవట్లేదు

శత్రు ఓడ మీదికి దూకే సీన్ కోసం అందరూ ఎదురుచూస్తారు. తీరా రెండు ఓడలను ఆనిస్తే కింద తగులుతాయి, పైన రెండంగుళాల సందు ఉంటుంది. కిట్ లోపం కాదు. విక్టరీ కాలపు ఓడల పక్కలు నీటి దగ్గర వెడల్పుగా ఉండి, పైకి వచ్చేకొద్దీ లోపలికి వంగుతాయి. ఫిరంగుల బరువు ఓడ మధ్యకు దగ్గరగా ఉండాలని అలా కట్టేవాళ్లు.

రెండంగుళాలంటే ఆటలో పది అడుగులు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ రూల్స్‌లో పది అడుగులు పరిగెత్తి దూకితే, మీ పాత్ర స్ట్రెంత్ (బలం అంకె) ఎంతో అన్ని అడుగులు దూకగలరు. నిలబడి దూకితే అందులో సగం. స్ట్రెంత్ 8 ఉన్న మాంత్రికుడు నీళ్లలో పడతాడు. దీన్ని సరిచేయకండి, వాడుకోండి! ఐస్‌క్రీమ్ పుల్లలను మూడేసి పక్కపక్కన అంటించి పలకలు చేయండి, దారంతో కొక్కెం తాళ్లు చేయండి. పలక ఎవరు వేస్తారు, ఎవరు తోసేస్తారు అన్నదే అప్పుడు పోరాటం. మా బల్ల దగ్గర అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడిన ఒకే ఒక్క రాత్రి అది.

కింది డెక్‌లోకి వెళ్తామంటున్నారు, లోపల ఏమీ లేదు

లోపల అంతా ఉన్నా ఉపయోగం లేదు. ఆరడుగుల ఎత్తున్న కింది డెక్ 1:60లో 30 మిల్లీమీటర్లు. బేస్‌తో కలిపి మినీయే అందులో పట్టదు, ఇక చేతి మాటేమిటి. ఒక్కో అంతస్తును అట్ట మీద గీసి ఓడ పక్కన వరుసగా పరచండి. మెట్లున్న చోట పైనా కిందా ఒకే రంగు చుక్క పెడితే ఎవరూ తికమక పడరు.

రంగు ఊడుతోంది, ఓడ వంకరపోయింది

రంగు పెచ్చులుగా లేస్తుంటే, అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోకపోవడమే సాధారణంగా కారణం. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి మళ్లీ మొదలుపెట్టండి. 3డీ ప్రింట్ చేసిన పీఎల్‌ఏ ఓడ అయితే ఎండలో ఆపిన కారులో వదలకండి. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో మన దగ్గర తలుపులు మూసిన కారుకు అదేం పెద్ద వేడి కాదు.

ఫిరంగి పేల్చాలంటే బల్ల చాలట్లేదు

2014 నాటి రూల్స్‌లో ఫిరంగి మామూలు రేంజ్ 600 అడుగులు. అంటే 120 గడులు, పది అడుగుల బల్ల. పెద్ద ఓడలతో దూరపు పోరాటం కుదరదు, ప్రయత్నించకండి. వెంటాడే ఘట్టం మొత్తం మామూలు గళ్ల కాగితం మీద, రెండు నాణేలతో ఆడండి. గడి అంటే 50 అడుగులు అనుకుంటే ఆ రేంజ్ 12 గడుల్లో సరిపోతుంది. బల్లిస్టా (పెద్ద బాణాలు విసిరే యంత్రం) మామూలు రేంజ్ 120 అడుగులు, మన గ్రిడ్‌లో 24 అంగుళాలు. నాణేలు అంత దగ్గరికి వచ్చాక కాగితం తీసేసి, పెట్టెలోంచి ఓడలను బయటికి తీయండి.