పిల్లలకు లో బీపీ ఉందో లేదో సరిగ్గా చూడటం ఎలా?

బీపీ మిషన్, స్టెతస్కోపు, కొలత టేపు, చేతికి సరిపోయే పట్టీ ఉంటే చాలు. బిడ్డ వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడించకుండా ఉంచాలి. కుడి చేతికే చూడాలి, ఎందుకంటే పిల్లల బీపీ పట్టికలు కుడి చేతి కొలతలతో తయారైనవి.

అసలు జాగ్రత్త అంతా పట్టీ దగ్గరే. పెద్దల పట్టీని సన్నటి చేతికి చుట్టేసి, అంకె తగ్గిందని కంగారుపడే వారిని తరచూ చూస్తుంటాను. పట్టీ మరీ పెద్దదైతే బీపీ ఉన్నదానికన్నా తక్కువగా, చిన్నదైతే ఎక్కువగా చూపిస్తుంది. కాబట్టి లో బీపీ అనే అనుమానం వచ్చిన ప్రతిసారీ ముందుగా అనుమానించవలసింది పట్టీనే. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన చేతి చుట్టుకొలత తీసుకోవాలి. పట్టీ లోపలి గాలి సంచి వెడల్పు ఆ కొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. చుట్టుకొలత 18 సెంటీమీటర్లయితే సంచి వెడల్పు 7 సెంటీమీటర్లకు పైగా, పొడవు 14.5 నుంచి 18 వరకు ఉండాలన్నమాట. కొలవవలసింది సంచిని, పైనున్న గుడ్డను కాదు. చొక్కా చేతిని పైకి మడిస్తే అది బిగుసుకుంటుంది కనుక పూర్తిగా తీసేయాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. పైకి లేపి పట్టుకుంటే అంకె మళ్లీ తగ్గుతుంది.

డిజిటల్ మిషన్ తక్కువ చూపితే స్టెతస్కోపుతో మరోసారి చూడనిదే నమ్మకూడదు. మణికట్టుకు కట్టేవాటిని పిల్లలకు అసలు వాడకూడదు.

ఒకటి నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో వయసును రెండుతో హెచ్చించి 70 కలిపితే పై అంకెకు కనీస హద్దు వస్తుంది. ఐదేళ్ల బిడ్డకు అది 80. పదేళ్లు నిండితే 90. లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయనే బిడ్డను ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి.

జ్వరం, వాంతులు, విరేచనాలతో నీరసించిన బిడ్డ విషయంలో మాత్రం అంకె కోసం ఆగకూడదు. పిల్లల శరీరం గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను బిగించి బీపీని చాలాసేపు నిలబెడుతుంది. అది పడిపోయేసరికి పరిస్థితి చేయి దాటుతూ ఉంటుంది. చేతులు చల్లబడినా, వేలి కొనను నొక్కి వదిలాక రెండు సెకన్లలో రంగు తిరిగి రాకపోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మగతలో ఉన్న బిడ్డ నోట్లో ఏమీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.