పవర్ లేని కలర్ లెన్స్ అయినా సరే, జాగ్రత్తలు మాత్రం అవే

కలర్ లెన్స్ కొనేవాళ్ళు మొదట చూసేది గ్రే బాగుంటుందా, హేజెల్ బాగుంటుందా అని. ముందు చూసుకోవాల్సింది అది మన కంటి సైజుకి సరిపోతుందా లేదా అని. "నాకు సైట్ లేదు, ఫోటోల కోసం ఒక పూట పెట్టుకుంటా, దీనికి కూడా డాక్టరా?" అనుకోవడం దగ్గరే చాలామందికి సమస్య మొదలవుతుంది. లెన్స్‌కి పవర్ ఉన్నా లేకపోయినా అది కూర్చునేది కార్నియా మీదే, అంటే నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే ఆ పల్చటి పొర మీద. దానికి రక్తనాళాలు ఉండవు, కావలసిన ఆక్సిజన్ చాలావరకు కన్నీటి పొర ద్వారా బయటి గాలి నుంచే తీసుకుంటుంది. మనం ఆ దారికి అడ్డంగా ఒక ప్లాస్టిక్ పొర పెడుతున్నాం, పైగా అందులో రంగు కూడా ఉంది. చాలా కలర్ లెన్సులు మామూలు సిలికాన్ హైడ్రోజెల్ (గాలిని బాగా పోనిచ్చే మెత్తటి ప్లాస్టిక్) లెన్సుల కంటే తక్కువ ఆక్సిజన్‌ని లోపలికి పంపిస్తాయి, కాబట్టి "మా ఫ్రెండ్ పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టుకునే ఉంటుంది" అన్న లెక్క మీకు పనికిరాదు.

పెట్టె మీద 8.6, 14.2 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది లెన్స్ వంపు, రెండోది వెడల్పు, రెండూ మిల్లీమీటర్లలో. వంపు బిగుతుగా ఉంటే లెన్స్ కదలదు, దాని కింద కన్నీళ్ళు ఆడవు, తీశాక తెల్లగుడ్డు మీద గుండ్రటి గుర్తు పడుతుంది. వదులుగా ఉంటే రెప్ప వేసినప్పుడల్లా జారి, రంగు వలయం కంటిపాపకి అడ్డమొచ్చి చూపు మసకబారుతుంది. డాక్టర్ ట్రయల్ లెన్స్ పెట్టి, మీరు రెప్ప వేస్తుంటే అది ఎంత కదులుతోందో మెషిన్‌లో చూస్తారు, కళ్ళు పొడిబారే తత్వం, అలర్జీ ఉన్నాయేమో కూడా అప్పుడే తేలుతుంది. కళ్ళజోడు చీటీలో ఈ అంకెలేవీ ఉండవు, పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళకి కళ్ళజోడు నంబరు, లెన్స్ నంబరు ఒకటి కూడా కావు. అమెరికాలో అయితే 2005లోనే చట్టం తెచ్చారు: అలంకరణ కోసం వాడే జీరో పవర్ లెన్స్ కూడా వైద్య పరికరమే, చీటీ లేకుండా అమ్మకూడదు. మీరు ఎక్కడున్నా సరే, ఏమీ అడక్కుండా "ఫ్రీ సైజ్, అందరికీ సరిపోతుంది" అని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

ఎప్పుడో ఒకసారి పెట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, డైలీ డిస్పోజబుల్ తీసుకోండి. పొద్దున పెట్టి సాయంత్రం పారేయడమే, కడగడం, దాచడం అన్న టెన్షన్ లేదు. మంత్లీ లెన్స్ అంటే 30 సార్లు పెట్టుకోవచ్చని కాదు, సీల్ తీసిన రోజు నుంచి నెల. మూడుసార్లే వాడినా నెల దాటితే దాని పని అయిపోయినట్టే, డబ్బులు పోయాయని బాధపడి దాన్ని మళ్ళీ కంట్లో పెట్టుకోవద్దు.

ఇక పెట్టుకోవడం. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. మాయిశ్చరైజర్, సెంటు లేని సబ్బుతో చేతులు కడిగి, నూలు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోండి. తడి వేలికి లెన్స్ అతుక్కుని కంటి మీదకి దిగదు, చాలామంది మొదటిరోజు అరగంట కుస్తీ పట్టేది దీనివల్లే. ఎప్పుడూ కుడి కన్నుతోనే మొదలుపెడితే జత తారుమారు కాదు. లెన్స్‌ని చూపుడు వేలి కొన మీద నిలబెట్టి పక్క నుంచి చూడండి: అంచు గిన్నెలా నిటారుగా ఉంటే సరిగ్గా ఉంది, పళ్ళెంలా బయటికి విచ్చుకుంటే తిరగబడింది. రంగు ఏ వైపు ముదురుగా ఉందో చూసి తేల్చేయకండి, కొన్ని డిజైన్లలో అది మోసం చేస్తుంది. చిన్న చిరుగు కనిపించినా పారేయాల్సిందే. మధ్య వేలితో కింది రెప్పని కిందకి లాగి, రెండో చేత్తో పై రెప్పని వెంట్రుకలతో సహా పైకి పట్టుకుని, అద్దంలో నేరుగా చూస్తూ మెల్లగా ఆనించండి, నొక్కొద్దు. కిందకి ఒకసారి చూసి నెమ్మదిగా కళ్ళు మూసి తెరిస్తే సర్దుకుంటుంది. గుచ్చుకుంటుంటే ఓర్చుకోవద్దు, తీసి లెన్స్ కడగడానికే అమ్మే సొల్యూషన్‌తో కడిగి మళ్ళీ పెట్టండి. లెన్స్ కంటి వెనక్కి పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు, రెప్ప లోపలి పొర అక్కడే మడత పడి దారి మూసేస్తుంది.

తీసేటప్పుడు పైకి చూస్తూ, లెన్స్‌ని వేలితో తెల్లగుడ్డు మీదకి జరిపి, బొటనవేలు, చూపుడు వేలు కొనలతో మెత్తగా పట్టి తీయాలి, గోరు తగలకూడదు. ఎండిపోయి అతుక్కుపోతే లెన్స్ వాడేవాళ్ళ కోసమే ఉండే తడి చుక్కలు వేసి కాసేపు ఆగండి, లాగితే కార్నియా పైపొర గీరుకుపోతుంది. ఎర్రదనం తగ్గించే చుక్కలు దీనికి పనికిరావు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది నీళ్ళు. కొళాయి నీళ్ళు, ఫిల్టర్ నీళ్ళు, మరిగించి చల్లార్చినవి, ఏవైనా సరే లెన్స్‌కి తగలకూడదు. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది కార్నియాలోకి చేరితే నెలల తరబడి చికిత్స, చూపు పోయే ప్రమాదం కూడా. అందుకే లెన్స్ పెట్టుకుని స్నానం చేయొద్దు, ఈత అసలే వద్దు. లెన్స్‌ని అరచేతిలో పెట్టి సొల్యూషన్ పోసి, రెండువైపులా వేలితో రుద్ది కడిగి, కేస్‌లో కొత్త సొల్యూషన్ నింపి అందులో వేయాలి. నిన్నటి దాని మీదే కాస్త పోసి సరిపెట్టడం పెద్ద తప్పు, సూక్ష్మజీవుల్ని చంపే శక్తి తగ్గిపోతుంది. సెలైన్ కడగడానికే, క్రిములు చావవు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం వాడితే దానితో వచ్చిన ప్రత్యేకమైన కేస్‌లోనే, పెట్టె మీద రాసినన్ని గంటలూ ఉంచాలి, తొందరపడి కంట్లో పెడితే మంట మామూలుగా ఉండదు. ఖాళీ కేస్‌ని సొల్యూషన్‌తోనే కడిగి, తుడిచి, బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకోసారి మార్చేయండి.

మేకప్ ఉన్న రోజు వరస గుర్తుంచుకుంటే చాలు: ముందు లెన్స్, తర్వాత మేకప్, చివర్లో ముందు లెన్స్ తీసి ఆ తర్వాతే మేకప్ తుడవాలి. కాటుక, ఐలైనర్ రెప్ప లోపలి అంచున వద్దు, వెంట్రుకల బయటే. గ్లిట్టర్ ఐషాడో కూడా మానేయండి. హెయిర్ స్ప్రే పని లెన్స్ పెట్టకముందే కానిచ్చుకోండి.

మొదటిసారి పెట్టుకుంటున్నవాళ్ళు ఫంక్షన్ రోజునే మొదలుపెట్టకండి. కొన్ని రోజుల ముందు నుంచీ రెండు, మూడు గంటల చొప్పున అలవాటు చేసుకోండి. కునుకు కూడా వద్దు, లెన్స్‌తో నిద్రపోతే ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం 6 నుంచి 8 రెట్లు ఎక్కువ. రాత్రిపూట బండి నడపాల్సి ఉంటే తీసేయండి: చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, లెన్స్ మధ్యలోని రంగు లేని భాగం మాత్రం అంతే ఉంటుంది, దాంతో చూపు చుట్టూ మసక కమ్ముకుంటుంది. ఇంకో సంగతి, "ఒక్క ఫోటో తీసుకుని ఇచ్చేస్తా" అని ఎంత దగ్గరివాళ్ళు అడిగినా ఇవ్వకండి, తీసుకోకండి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, పుసి కట్టినా, చూపు మసకేసినా వెంటనే లెన్స్ తీసేయండి. తీశాక కూడా తగ్గకపోతే రేపటిదాకా ఆగొద్దు, బ్యాక్టీరియా వల్ల వచ్చే కార్నియా పుండు ఒకటి రెండు రోజుల్లోనే ముదిరిపోగలదు. ఇంట్లో ఉన్న ఏదో చుక్కల మందు వేయకండి, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ఇంకా పెరగొచ్చు. ఆ లెన్స్‌నీ, కేస్‌నీ పారేయకుండా డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళండి, ఏ సూక్ష్మజీవో తేల్చడానికి వాటినే పరీక్షకి పంపొచ్చు. తగ్గిందని డాక్టర్ చెప్పేదాకా కళ్ళజోడే, తర్వాత మళ్ళీ పెట్టుకున్నా కొత్త జత, కొత్త కేస్, కొత్త మస్కారా.