సమకాలీన కళా మ్యూజియం లెక్కలు చదవడం ఎలా: చెక్కు రాసే ముందు, బోర్డులో చేరే ముందు

అమెరికాలో మీ ఊళ్లోని సమకాలీన కళా మ్యూజియం వాళ్లు మిమ్మల్ని బోర్డులోకి రమ్మన్నారనుకోండి, లేదా నిధుల కోసం ఏటా జరిపే విందు, అంటే గాలాకి ఒక టేబుల్ కొనమన్నారనుకోండి. భవనం బాగుంది, డైరెక్టర్ బాగా మాట్లాడింది, గోడల మీద ఉన్నది సగం అర్థం కాకపోయినా బాగానే అనిపించింది. డబ్బు సంగతి అడగడానికి మాత్రం మొహమాటం. మొదట అడగక్కర్లేదు, చదివితే చాలు. 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న మ్యూజియం దాదాపు ప్రతిదీ ఏటా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి ఫారం 990 అనే లెక్కల ఫారం ఇస్తుంది. చివరి మూడేళ్ల ఫారాలు ఎవరడిగినా చూపించాలని చట్టమే ఉంది. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ సైట్లోని నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో సంస్థ పేరు కొడితే ఉచితంగా దొరుకుతాయి. (యూనివర్సిటీకి చెందిన మ్యూజియం అయితే లెక్కలు యూనివర్సిటీ ఫారంలో కలిసిపోతాయి, విడిగా దొరక్కపోవచ్చు.)

రెండో కాగితం ఆడిట్ రిపోర్టు. చాలా మ్యూజియాలు దాన్ని తమ సైట్లోనే పెడతాయి. కాలిఫోర్నియాలో అయితే ఏడాది ఆదాయం 20 లక్షల డాలర్లు దాటిన సంస్థ ఆడిట్ చేయించి, జనానికి అందుబాటులో ఉంచాల్సిందే. రెండూ తెచ్చుకోండి, కనీసం ఐదేళ్లవి. ఒక్క ఏడాది కాగితం చదివి నిర్ణయానికి రావద్దు, ఎందుకో కింద చెప్తాను.

ఇంకో విషయం, మీ చేతికొచ్చే లెక్క ఎప్పుడూ పాతదే. చాలా మ్యూజియాలకి ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, ఫారానికి గడువు నవంబర్ 15, ఆరు నెలల పొడిగింపు అడిగితే మే 15. అంటే మీరు చూసేది ఒక్కోసారి ఏడాదిన్నర కిందటి పరిస్థితి.

ఇక అసలు సంగతి. ఇలాంటి మ్యూజియంలో ఎంత డబ్బుంది అన్నది రెండో ప్రశ్న. ఉన్న డబ్బులో ఎంత దేనికి కట్టుబడి ఉంది అన్నది మొదటిది. దీనికి లాస్ ఏంజెలెస్‌లోని మ్యూజియం ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్, అంటే అందరూ మోకా అనే మ్యూజియం కంటే మంచి పాఠం లేదు. 1979లో పెట్టిన సంస్థ, గ్రాండ్ అవెన్యూ మీద అరాటా ఇసోజాకి కట్టిన భవనం, యుద్ధానంతర కళలో అమెరికాలోనే పేరున్న సేకరణ. 2007 చివర్లో తకాషి మురకామి ప్రదర్శన పెడితే అందులో ఏకంగా లూయీ విటాన్ దుకాణమే నడిచింది, ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. ఆ ప్రదర్శన ముగిసి ఏడాది తిరక్కుండానే సంస్థ మూతపడుతుందా, పక్క మ్యూజియంలో కలిసిపోతుందా అనే దాకా వచ్చింది. 2000 ప్రాంతంలో సుమారు 3.8 కోట్ల డాలర్లున్న ఎండోమెంట్ 2008 చివరికి 50 లక్షల చిల్లరకి పడిపోయింది. స్టాక్ మార్కెట్ దెబ్బ ఉంది, నిజమే, కానీ అసలు కారణం అది కాదు. ఏటా వచ్చేదానికంటే ఎక్కువ ఖర్చు పెడుతూ, లోటు పూడ్చడానికి అసలునే తోడుకుంటూ పోయారు.

ఎండోమెంట్ అంటే మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే గుడి మాన్యం. దాని మీద వచ్చే కౌలుతో దీపధూప నైవేద్యాలు నడవాలి. నైవేద్యానికి డబ్బు చాలట్లేదని ఏడాదికో ఎకరం అమ్మితే కొన్నాళ్లు పూజలు ఘనంగానే జరుగుతాయి, బయటి నుంచి చూసేవాడికి ఏ తేడా తెలియదు.

ఈ తేడా పట్టుకోవడానికి ఫారం 990లో చోటుంది. షెడ్యూల్ డి, ఐదో భాగం. 2008 పన్ను సంవత్సరం నుంచి ఫారాన్ని మార్చినప్పుడు వచ్చింది ఇది. ఒకే పట్టికలో ఐదేళ్ల ఎండోమెంట్ కథ: మొదట ఎంతుంది, కొత్తగా విరాళాలెంత, పెట్టుబడుల మీద లాభనష్టమెంత, కార్యక్రమాలకీ భవనానికీ ఎంత తీశారు, చివరికి ఎంత మిగిలింది. తీసినదాన్ని మొదట్లో ఉన్న మొత్తంతో భాగించండి. 4, 5 శాతం దగ్గర ఉంటే మామూలే. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల చట్టంలో ఏడాదికి 7 శాతం దాటి తీస్తే అది వివేకం కాదనే అనుమానంతో మొదలుపెడతారు, వివేకమేనని సంస్థే నిరూపించుకోవాలి. ఒక్క ఏడాది 8 వస్తే కంగారు పడకండి, కరోనా ఏళ్లలో చాలామంది తీశారు. వరసగా మూడేళ్లు వస్తే మాత్రం ఆలోచించండి. ఆ పట్టిక కిందే ఇంకో వరసలో ఎండోమెంట్‌లో ఎంత శాశ్వతం, ఎంత బోర్డు తనంతట తాను పక్కన పెట్టింది అని శాతాలుంటాయి. బోర్డు పెట్టింది బోర్డే తీసుకోవచ్చు. దాత శాశ్వతమని రాసిచ్చింది అలా కాదు. బ్రోషర్లో మాత్రం రెండూ కలిపి ఒకటే పెద్ద అంకె వేస్తారు.

ఆడిట్ రిపోర్టులో ఇదే విషయం ఇంకా సూటిగా దొరుకుతుంది. నికర ఆస్తుల్ని (అప్పులు పోను మిగిలినవి) రెండు రకాలుగా విడదీస్తారు: దాత షరతులున్నవి, లేనివి. షరతులు లేనివాటిలోంచి భవనం విలువ తీసేస్తే (గోడలమ్మి జీతాలివ్వలేం కదా) మిగిలేదే సంస్థ చేతిలో ఉన్న స్వేచ్ఛ. కొన్నిచోట్ల ఆ అంకె మైనస్‌లో ఉంటుంది, కంగారు పడకుండా పక్కన రాసుకోండి. అది చాలదన్నట్టు వెనక నోట్స్‌లో లిక్విడిటీ అని ఒకటి ఉంటుంది, రాబోయే 12 నెలల్లో మామూలు ఖర్చులకి వాడుకోగల డబ్బెంత అని. 2016లో అకౌంటింగ్ నియమాలు మార్చినప్పుడు దీన్ని తప్పనిసరి చేశారు. నా మటుకు నాకు మొత్తం రిపోర్టులో ఇదే అన్నిటికంటే పనికొచ్చే పేజీ. ఆ మొత్తాన్ని నెల ఖర్చుతో భాగిస్తే, గేటు దగ్గర ఒక్క రూపాయి రాకపోయినా ఎన్ని నెలలు బండి నడుస్తుందో తెలుస్తుంది.

ఆదాయం చూడ్డానికి ఫారంలో ఎనిమిదో భాగానికి రండి. టికెట్లు 2వ వరసలో, మెంబర్‌షిప్ 1బిలో, ప్రభుత్వ గ్రాంట్లు 1ఇలో, దుకాణం అమ్మకాలు 10వ వరసలో. మొదటిసారి చూసేవాళ్లకి ఆశ్చర్యం ఏంటంటే టికెట్ల డబ్బు ఎంత తక్కువో. జనం బారులు తీరినా సరే, మొత్తం ఖర్చులో అది చిన్న ముక్కే అవుతుంది. అందుకే కొన్ని మ్యూజియాలు అసలు టికెట్టే ఎత్తేశాయి. హ్యూస్టన్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు కదా, అక్కడి కాంటెంపరరీ ఆర్ట్స్ మ్యూజియంలోకి వెళ్లడం ఉచితం. మోకాలో కూడా 2020 జనవరి నుంచి మామూలు ప్రవేశం ఉచితమే, అప్పటి బోర్డు ప్రెసిడెంట్ కరోలిన్ పవర్స్ ఇచ్చిన కోటి డాలర్ల మీద. ఇలాంటి ప్రకటన ఎక్కడ చూసినా మీరడగాల్సింది ఒకటే, ఈ డబ్బు ఎన్నేళ్లకి, ఆ తర్వాత ఎవరు కడతారు?

గాలా లెక్క విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే. వెయ్యి డాలర్ల టికెట్టు కొన్నారు, దానిలో భోజనం విలువ 200 అనుకుందాం. 800 విరాళంగా 1సిలోకి వెళ్తుంది, 200 మాత్రం 8ఎలోకి, భోజనానికీ పూలకీ పాటకచేరీకీ అయిన ఖర్చు 8బిలోకి. అందుకే 8వ వరస చాలాసార్లు నష్టం చూపిస్తుంది. అది చూసి గాలా దండగ అనుకోకండి, 1సితో కలిపి చూడాలి. రెండూ కలిపాక కూడా వచ్చినదాంట్లో సగం డిన్నర్‌కే పోతోందంటే అది వేరే సంగతి, పార్టీ కోసం పార్టీ చేస్తున్నారన్నమాట. మీ పన్ను మినహాయింపు కూడా 800కే, వెయ్యికి కాదు, రసీదులో ఆ విడమరపు వాళ్లే రాసివ్వాలి.

ఇప్పుడు ఒక్క ఏడాది లెక్క ఎందుకు నమ్మకూడదో. ఒక దాత ఐదేళ్ల పాటు ఏడాదికి 10 లక్షలిస్తానని షరతుల్లేకుండా సంతకం పెడితే, దాదాపు ఆ మొత్తమంతా సంతకం పెట్టిన ఏడాదే ఆదాయంగా రాస్తారు. ఆ ఏడాది మ్యూజియం కళకళలాడుతుంది, తర్వాతి నాలుగేళ్లు డబ్బు చేతికి వస్తున్నా కాగితం మీద లోటే కనిపిస్తుంది. నేరం ఏమీ లేదు, పద్ధతే అంత. షరతుంటే ఇంకో రకం, షరతు తీరాకే రాస్తారు. మోకాని ఆదుకున్న కోటీశ్వరుడు ఈలై బ్రాడ్ 2008 డిసెంబర్‌లో ఇస్తానన్న 3 కోట్ల డాలర్లు అచ్చంగా ఈ రెండు ముక్కలే: ఏడాదికి 30 లక్షల చొప్పున ఐదేళ్లు ప్రదర్శనలకి, మిగతా 1.5 కోట్లు మాత్రం మిగతావాళ్లు అంతకంత తెస్తేనే ఎండోమెంట్‌కి. పేపర్లో 3 కోట్లని పడింది, చేతిలో ఖాయంగా ఉన్నది సగం.

ఖర్చులు తొమ్మిదో భాగంలో ఉంటాయి, కార్యక్రమాలు, నిర్వహణ, నిధుల సేకరణ అని మూడు నిలువు వరసలు. కార్యక్రమాలకి 80 శాతం పెడుతున్నారు కాబట్టి మంచి సంస్థ అని తేల్చేసేవాళ్లున్నారు, నాకు ఆ కొలత మీద పెద్ద నమ్మకం లేదు. భవనం అరుగుదల, కరెంటు, డైరెక్టర్ జీతం ఏ వరసలో ఎంత వేయాలన్నది చాలావరకు సంస్థ వేసుకునే అంచనాయే. దానికంటే మూడో భాగం చదవండి, అక్కడ మూడు పెద్ద కార్యక్రమాలూ వాటి ఖర్చులూ సొంత మాటల్లో రాయాలి. ప్రదర్శనలకి ఎంత, బడిపిల్లల కార్యక్రమాలకి ఎంత, ఆ నిష్పత్తి వాళ్లు ఉపన్యాసాల్లో చెప్పేదానికి దగ్గరగా ఉందా చూడండి. సైట్ నిండా పిల్లల ఫొటోలే, ఖర్చులో మాత్రం చదువు విభాగం అడుగున, ఇలాంటివి తేలిగ్గానే దొరుకుతాయి.

ఒక ప్రదర్శనకి ఏమేం అవుతుందో తెలిస్తే అంకెలు తేలిగ్గా నమిలేయొచ్చు. చెక్కపెట్టెలు చేయించడం, రవాణా, ఇన్సూరెన్స్, పెద్ద కళాకృతుల వెంట ఒక మనిషిని పంపడం, గోడలు కట్టి మళ్లీ పగలగొట్టడం, పుస్తకం అచ్చు. సమకాలీన కళలో ఇంకోటి అదనం, చాలా కళాకృతులు అప్పటికి పుట్టే ఉండవు, మ్యూజియమే డబ్బిచ్చి చేయించాలి. కళాకారుడికి ఫీజు ఎంతిస్తున్నారో తప్పక అడగండి. 2008లో న్యూయార్క్‌లో మొదలైన వేజ్ అనే కళాకారుల బృందం సంస్థ ఖర్చుని బట్టి కనీస ఫీజు లెక్కలు వేసి పెట్టింది, వాటికి ఒప్పుకున్న సంస్థలకి గుర్తింపు కూడా ఇస్తుంది. పెట్టెలు మోసినవాళ్లకీ, వైన్ పోసినవాళ్లకీ డబ్బిచ్చి, బొమ్మ గీసినవాడికి మాత్రం పేరొస్తుంది కదా అని సరిపెట్టే మ్యూజియం మీద నాకైతే సదభిప్రాయం ఉండదు.

సేకరణ గురించి ఒక చిక్కు. గోడ మీద కోట్లు విలువ చేసే చిత్రముంటుంది, బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం సున్నా. పొరపాటు కాదు. జనానికి చూపించడానికి ఉంచుకుని, జాగ్రత్తగా కాపాడుతూ, అమ్మితే వచ్చిన డబ్బుని మళ్లీ కళ కొనడానికో ఉన్నవాటి సంరక్షణకో వాడతామంటే, సేకరణని ఆస్తిగా చూపక్కర్లేదని నియమం. కాబట్టి "వీళ్ల దగ్గర ఇన్ని బొమ్మలున్నాయి, ఇబ్బందొస్తే రెండు అమ్ముకుంటారులే" అనే లెక్క వేయకండి. జీతాలకోసం అమ్మితే తోటి మ్యూజియాలు వెలివేసినంత పని చేస్తాయి. కొన్ని అసలు సేకరణే పెట్టుకోవు, హ్యూస్టన్‌ది అలాంటిదే. గోదాము ఖర్చు తప్పుతుంది కానీ, మా దగ్గర ఫలానా కళాకృతి ఉంది అని చూపించి దాతని పట్టే వీలూ పోతుంది.

ఫారంలో కనపడనిది కూడా ఒకటుంది. షెడ్యూల్ ఎల్‌లో బోర్డు సభ్యులతో చేసిన వ్యాపారాలు రాయాలి, సరే. కానీ బోర్డు సభ్యుడు ఒక కళాకారుడి కళాకృతులు ఇంటినిండా కొని పెట్టుకుని ఉంటే, అదే కళాకారుడికి మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పడితే, ఆ ఇంట్లో ఉన్నవాటి ధర ఏమవుతుందో అక్కడ ఎవరూ రాయరు. 2010లో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియం తన ట్రస్టీ, అంటే బోర్డు సభ్యుడు, డాకిస్ జోన్నూ సేకరణతోనే ప్రదర్శన పెట్టి, ఏవి చూపించాలో ఎంచే క్యూరేటర్‌గా కళాకారుడు జెఫ్ కూన్స్‌ని తెచ్చింది. కూన్స్ కళాకృతులు జోన్నూ చాలాకాలంగా కొంటున్నవే. చట్టం మీరలేదు, కానీ గొడవ మాత్రం బాగా జరిగింది. బోర్డులోకి వెళ్తుంటే దీని మీద రాతపూర్వక విధానం ఉందా అని అడిగి, ఉంటే ఆ కాగితం చదవండి.

బోర్డులో ఎవరున్నారన్నదే కాదు, ఎవరు వెళ్లిపోతున్నారన్నదీ చూడాలి. ఏడో భాగంలో పేర్లుంటాయి, ఐదేళ్లవి పక్కపక్కన పెట్టండి. మోకాలో 2012లో ముఖ్య క్యూరేటర్ పాల్ షిమ్మెల్ వెళ్లిపోయాక బోర్డులోని నలుగురు కళాకారులూ, జాన్ బాల్డెస్సారి, బార్బరా క్రూగర్, కేథరిన్ ఓపీ, ఎడ్ రషే, వరసగా రాజీనామా చేశారు. అప్పటికి ఏడాది ముందే వీధి కళ మీద పెట్టిన ప్రదర్శనకి 2 లక్షల మందికి పైగా వచ్చి రికార్డు కొట్టారు. జనం రావడం, డబ్బుండడం, లోపల మనుషులు కుదురుగా ఉండడం, ఈ మూడూ కలిసి నడుస్తాయని ఎక్కడా లేదు. ఎండోమెంట్ 10 కోట్లు దాటిందని వాళ్లు ప్రకటించింది 2014 జనవరిలో, ఆ గొడవలన్నీ అయ్యాక, అదీ బోర్డు సభ్యులు ముందుగా జేబులు తడుముకున్నాకే.

ఇండియాలో ఇదే పని చేయాలంటే కష్టం. ట్రస్టులు పన్ను శాఖకి ఇచ్చే రిటర్న్ జనానికి దొరకదు. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద ఇచ్చే లెక్క ఒక ఆధారం, 2020 సవరణ తర్వాత ఆ డబ్బులో 20 శాతానికి మించి పాలనా ఖర్చులకి వాడకూడదు, జీతాల మీద నడిచే కళాసంస్థకి అది గట్టి దెబ్బే. కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే సీఎస్ఆర్ డబ్బు కళలకీ సంస్కృతికీ ఇవ్వొచ్చని కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో ఉంది, కాబట్టి ఇచ్చిన కంపెనీ వార్షిక నివేదికలో వెతికితే ఆ చివర నుంచి కొంత దొరుకుతుంది. అంతకుమించి కావాలంటే సంస్థనే అడగాలి, ఇవ్వనంటే ఎందుకివ్వరో అడగాలి.

కాగితాలన్నీ చదివాక మ్యూజియం ఫైనాన్స్ చూసే వ్యక్తితో ఒక అరగంట మాట్లాడించమని అడగండి, డైరెక్టర్‌తో కాదు. వచ్చే రెండేళ్ల ప్రదర్శనల్లో డబ్బు ఖాయమైనవి ఏవి, ఇంకా వెతుకుతున్నవి ఏవి, ఈ ఏడాది బోర్డు సభ్యులందరూ ఇచ్చారా, బ్యాంకు దగ్గర అప్పు పరిమితి ఉంటే ఇప్పుడు ఎంత వాడారు, షరతులున్న డబ్బుని ఎప్పుడైనా జీతాలకి సర్దారా. ఆఖరి ప్రశ్నకి తటపటాయిస్తే బోర్డు మీటింగ్ మినిట్స్ చూపించమనండి. గాలా టికెట్టు వరకైతే ఇంత అక్కర్లేదు, డిన్నర్ తినేసి రండి.