విదేశాల నుంచి విశాఖ వస్తున్నారా? కస్టమ్స్ దగ్గర సామాను సంగతి ఇలా చెప్పండి

కొడుకు దగ్గర మూడు నెలలుండి సింగపూర్ నుంచి వస్తున్న మా పిన్ని ఫోన్‌లో అడిగిన మొదటి మాట: "ఒరేయ్, కస్టమ్స్ వాళ్లు పెట్టె విప్పుతారా?" టైగర్ బామ్ సీసాలు, చాక్లెట్లు, కోడలు కొనిచ్చిన హ్యాండ్‌బ్యాగు ఉన్నంత మాత్రాన టెన్షన్ అక్కర్లేదని చెప్పాను. కాసేపాగి, "మరి గాజులు?" అంది. అసలు కథ అక్కడుంది. గాజుల దగ్గరికి తర్వాత వద్దాం.

విమానం ఎక్కకముందే చేయాల్సిన పని బిల్లులు సర్దుకోవడం. కొన్న ప్రతి వస్తువు బిల్లూ ఒక కవర్లో వేసి చేతి సంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో కాదు. బిల్లు లేకపోతే విలువ కట్టేది అధికారి. ఒకసారి మా బావ తగ్గింపు ధరకు కొన్న ఫోన్ బిల్లు పారేసి వచ్చాడు. ఒక విమానాశ్రయంలో దానికి పూర్తి మార్కెట్ ధర లెక్కేశారు. వాదించడానికి ఆయన దగ్గర కాగితమే లేదు.

ఇప్పుడు లెక్క. వాడిన బట్టలు, సొంతంగా వాడుకునే మామూలు సామాను గురించి బెంగ లేదు. అవి కాక తెచ్చే కొత్త వస్తువులకు, భారతీయ ప్రయాణికులకు 2016 నిబంధనల కింద 50,000 రూపాయల వరకు సుంకం ఉండేది కాదు. 2026 ఫిబ్రవరిలో కొత్త బ్యాగేజీ నిబంధనలు వచ్చి ఆ పరిమితి 75,000 అయింది. పద్దెనిమిదేళ్లు నిండినవారు దీనికి అదనంగా ఒక ల్యాప్‌టాప్ తెచ్చుకోవచ్చు. పరిమితి దాటితే దాటిన భాగం మీదే సుంకం. ఏళ్ల తరబడి నడిచిన రేటు 38.5 శాతం. అంటే 35 శాతం సుంకం, దాని మీద పదో వంతు సర్‌ఛార్జి. ఆ రేటున 90,000 రూపాయల సామానుకు మిగతా 15,000 మీద 5,775 రూపాయలు పడుతుంది. భయపడ్డంత ఏమీ కాదు కదా!

చాలామంది పొరబడేది ఇంకోచోట. భార్యాభర్తలిద్దరూ వస్తున్నారు కాబట్టి లక్షన్నర ఫోన్ ఒకటి తెచ్చుకోవచ్చనుకుంటారు. కుదరదు. ఎవరి పరిమితి వారిదే, కలపడానికి లేదు. టీవీకైతే ఈ మినహాయింపే లేదు. ఫ్లాట్ స్క్రీన్ టీవీకి 2013 ఆగస్టు నుంచి పూర్తి విలువ మీద సుంకం కట్టాలి. మద్యం రెండు లీటర్లు, సిగరెట్లు వంద దాటితే వాటికీ అంతే.

ఇక గాజులు. ఆడవాళ్లు 40 గ్రాములు, మగవాళ్లు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని అందరికీ తెలుసు. దానికో షరతుందని మాత్రం చాలామందికి తెలియదు. ఈ వెసులుబాటు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికే. మూడు నెలలకు వెళ్లొచ్చిన మా పిన్నికి రాదు. పైగా అది నగలకే, బిస్కెట్లకూ నాణేలకూ కాదు. ఒంటిమీద వేసుకుని వస్తే లెక్కలోకి రాదనుకోవడం వట్టి భ్రమ. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడే ఖరీదైన నగలు పెట్టుకుని వెళుతుంటే, ఆ రోజే విమానాశ్రయంలోని కస్టమ్స్ కౌంటర్లో చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగి వచ్చినప్పుడు అవి పాతవేనని చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. పదిహేను నిమిషాల పని అని బద్ధకించకండి.

దుబాయ్ నుంచో కువైట్ నుంచో హైదరాబాద్ మీదుగా వచ్చే శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వేరే దేశీయ విమానం పట్టుకుంటే సాధారణంగా పెట్టెలు మొదట దిగిన చోటే తీసుకుని, అక్కడే కస్టమ్స్ దాటాలి. విశాఖలో దిగాక చెబుదాంలే అంటే కుదరదు. రెండో విమానానికి మధ్యలో తగినంత సమయం ఉంచుకోండి.

దిగాక వరుస ఇది: ఇమిగ్రేషన్, బెల్టు మీద పెట్టెలు, ఆ తర్వాత రెండు దారులు. చెప్పాల్సింది ఏదీ లేకపోతే గ్రీన్ ఛానల్. సుంకం పడే వస్తువు, అనుమతి కావాల్సిన వస్తువు ఉంటే రెడ్ ఛానల్. డిక్లరేషన్‌ను అతిథి అనే ప్రభుత్వ యాప్‌లో ముందుగానే నింపుకోవచ్చు. 5,000 డాలర్లకు మించిన విదేశీ నోట్లు, లేదా ట్రావెలర్స్ చెక్కులతో కలిపి 10,000 డాలర్లు దాటిన మొత్తం ఉంటే విడిగా కరెన్సీ డిక్లరేషన్ ఇవ్వాలి. విత్తనాలు, మొక్కలు, మాంసం, పాల పదార్థాలు ఉంటే చెప్పాలి. ఈ-సిగరెట్లు, డ్రోన్లు అసలు తేకండి.

రెడ్ ఛానల్‌లోకి వెళ్లడమంటే తప్పు ఒప్పుకోవడమని మనవాళ్ల అనుమానం. నిజానికి అటు నడిచినవాడిని అధికారి అడిగేది బిల్లు, పాస్‌పోర్టు, ఎన్నాళ్లున్నారు అన్న ప్రశ్న, అంతే. గ్రీన్‌లో నడుస్తూ దొరికితే అదే వస్తువును జప్తు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం సామానులో ఏముందో చెప్పాల్సిన బాధ్యత ప్రయాణికుడిదే. నిజం చెప్పినవారికి ఇంకో వెసులుబాటు ఉంది. అదే చట్టం 80వ సెక్షన్ కింద, వస్తువును కస్టమ్స్ దగ్గరే ఉంచమని, తిరిగి దేశం దాటేటప్పుడు తీసుకుంటామని కోరవచ్చు. మళ్లీ వెళ్లే టికెట్ ఉన్నవారికి ఇది బాగా పనికొస్తుంది.

ఓడల్లో పనిచేసే మన విశాఖ కుర్రాళ్లకు లెక్క వేరు. డ్యూటీలో ఉండగా వచ్చే సిబ్బందికి చిన్న కానుకల వరకే మినహాయింపు. ఒప్పందం ముగిసి సైన్ ఆఫ్ అయి వస్తేనే మామూలు ప్రయాణికుల పరిమితి వర్తిస్తుంది. కాబట్టి సైన్ ఆఫ్ కాగితాలు పైనే పెట్టుకోవాలి.

సుంకం కట్టాక రసీదు మీద వస్తువు పేరు, మోడల్ సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి. ఆ రసీదు ఫొటో తీసి పెట్టుకుంటే, రేపు అదే ఫోన్‌తో మళ్లీ విదేశం వెళ్లొచ్చినప్పుడు ఎవరైనా అడిగితే చూపించవచ్చు. మా పిన్ని మాత్రం కొత్త గాజులు రెడ్ ఛానల్‌లో చూపించి, సుంకం కట్టి, రసీదు గాజుల పెట్టెలోనే మడిచి పెట్టింది.