చీమ, అగ్గిపెట్టె, వాలుగ దవడ: తెలివి ఎక్కడుందో తీసి చూడండి

మా ఎనిమిదో తరగతిలో ఓ గుంటడు అడిగాడు: "మేస్టారూ, ఏఐకి తెలివెక్కువా, మనకెక్కువా?" సైన్సు మేస్టారిని కదా, జవాబు తెలిసినట్టే మొహం పెట్టాను. ఆ రోజుకి బెల్లు నన్ను కాపాడింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ప్రశ్నే వంకరగా ఉందనిపించింది. కుంచంతో కొలవడానికి తెలివేమైనా వడ్లా? ఎంత అని అడిగితే వాదన పెరుగుతుంది. ఎక్కడ అని అడిగితే చేతికి పని దొరుకుతుంది.

ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. మోటారు ఆగిపోతే మెకానిక్ చేసేదే. అనుమానం ఉన్న ముక్కను ఒక్కొక్కటే తీసి, ఏది తీస్తే పని చెడిందో చూడడం. పొందూరు దగ్గర మా బడిలో మూడు శనివారాలు ఇదే చేశాం. మీరూ చేసుకునేట్టు రాస్తున్నాను. కావాల్సినవి: పాత క్యాలెండర్ కాగితం, కాస్త బెల్లం, 9 ఖాళీ అగ్గిపెట్టెలు, 10 చీపురు పుల్లలు, సంతలో దొరికే ఎరుపు, తెలుపు పూసలు, ఒక ఫోను. వాలుగ చేప దవడ దొరికితే మీ అదృష్టం.

చీమలు

సన్నటి చీమల్నే ఎంచుకోండి. గండుచీమలు కళ్లతో కూడా దారి గుర్తుపడతాయి, వాటితో ఈ ప్రయోగం కుదరదు. చీమల కన్నానికి రెండు మూరల దూరంలో వేరుశనగ గింజంత బెల్లం తడిపి పెట్టండి. మధ్యలో జానెడు చదరపు కాగితం పరిచి, చీమలు దాని మీదుగానే నడిచేలా అటూ ఇటూ ఇటుకలు అడ్డం పెట్టండి. బారు కట్టడానికి గంట పట్టొచ్చు. ఈలోగా ఊదకండి, పుల్లతో కెలకకండి. చీమల మందు సుద్దముక్కతో గీతలు గీసే పెద్దమనుషులు ఇంట్లో ఉంటే ముందే చెప్పి ఉంచండి. మా మొదటి ప్రయత్నం అలాగే పోయింది.

బారు నిలకడగా సాగుతుండగా కాగితాన్ని మెల్లగా పావు చుట్టు తిప్పండి. కాగితం అంచుదాకా చురుగ్గా వచ్చిన చీమ అక్కడ టక్కున ఆగిపోతుంది. మీసాలు ఆడిస్తుంది, వెనక్కి రెండడుగులు వేస్తుంది, పక్కకు పోతుంది. అవతల బెల్లం మోసుకొస్తున్న చీమదీ అదే అవస్థ. కారణం తెలిసిందే: చీమ నడుస్తూ పొట్ట చివరి నుంచి వాసన రాసుకుంటూ పోతుంది, వెనకొచ్చే చీమ ఆ వాసనే పట్టుకుని నడుస్తుంది. కాగితం తిరిగితే గీత తిరిగింది. మేం వాడింది ఆగస్టు నెల కాగితం. "అయితే తెలివి ఆగస్టులో ఉన్నాది మేస్టారూ" అందో పిల్ల. నవ్వాం గానీ అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఒక్కో చీమ బుర్రలో పటం లేదు. పటం నేల మీద ఉంది, అందరూ కలిసి గీస్తున్నారు.

1989లో బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు పుట్టకూ తిండికీ మధ్య ఒక పొడుగు వంతెన, ఒక పొట్టి వంతెన పెట్టి చూశారు. పొట్టి దారిన పోయిన చీమ ముందు తిరిగొస్తుంది, ఆ దారిన వాసన ముందు చిక్కబడుతుంది, మిగతావి అటే పోతాయి. ఎవరూ కొలవకుండానే దగ్గరి దారి తేలింది. 1992లో మిలాన్‌లో మార్కో డోరిగో తన పీహెచ్‌డీ సిద్ధాంతంలో ఈ పద్ధతినే కంప్యూటర్‌కు ఎక్కించాడు.

పిల్లలకు నేను నొక్కి చెప్పేది మాత్రం ఇంకొకటి. మొదట పొడుగు వంతెన ఒక్కటే ఉంచి, బారు కుదిరాక పొట్టిది తెరిస్తే ఆ చీమలు చాలామటుకు పాత దారినే పట్టుకుని వేలాడాయి. ఇది మా మధ్యాహ్న భోజనం దగ్గర రోజూ జరిగేదే. చేతులు కడుక్కోడానికి ఒకప్పుడు దూరపు కుళాయి ఒక్కటే ఉండేది. తర్వాత వంటగది పక్కనే ఇంకోటి వేశారు. అయినా గుంటలందరూ ఎండలో పాత కుళాయి దగ్గరే బారు, ముందువాళ్లు అటే పోయారని. "దగ్గర్లో కుళాయి ఉంది, ఇటు రండి" అని అరిస్తే రెండు రోజులు పనిచేసింది. పాత కుళాయి దగ్గర సబ్బు తీసేస్తే నాలుగో రోజుకి బారు మారిపోయింది. కంప్యూటర్ చీమలకూ డోరిగో ఇలాంటి ఏర్పాటే చేశాడు: వాసన త్వరగా ఆవిరైపోవాలి. మరిచిపోవడం కూడా అమరికలో భాగమే అన్నమాట. బల్ల, గుమ్మం, క్యూ, ఏది అమర్చబోయినా ఇక్కడ పాత వాసన ఎక్కడుంది అని ముందు వెతకండి.

అగ్గిపెట్టెలు

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువే రాస్తాను.

1961లో డొనాల్డ్ మిచీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 304 అగ్గిపెట్టెల్లో రంగు పూసలు పోసి, అడ్డం నిలువు సున్నాలాట (టిక్-టాక్-టో) నేర్చుకునే యంత్రం చేశాడు. కరెంటు లేదు, తీగ లేదు. మనకు 304 అక్కర్లేదు, ఆట చిన్నది చేద్దాం. బల్ల మీద 10 చీపురు పుల్లలు. ఇద్దరు ఆటగాళ్లు వంతులవారీగా ఒకటి గానీ రెండు గానీ తీయాలి. ఆఖరి పుల్ల తీసినవాడిది గెలుపు. మొదటి వంతు ఎప్పుడూ అగ్గిపెట్టెలదే.

పెట్టెల మీద 10, 8, 7, 6, 5, 4, 3, 2, 1 అని రాయండి. 9 అక్కర్లేదు, ఎందుకో ఒకసారి ఆడితే తెలుస్తుంది. ప్రతి పెట్టెలో 2 ఎర్రపూసలు, 2 తెల్లపూసలు వేయండి. ఎరుపంటే ఒక పుల్ల తీయాలి, తెలుపంటే రెండు. 1 అంకె పెట్టెలో మాత్రం ఎర్రవి రెండే. యంత్రం వంతు రాగానే బల్ల మీద ఎన్ని పుల్లలున్నాయో ఆ అంకె పెట్టె తీసుకుని, చూడకుండా ఒక పూస పైకి తీసి, అది చెప్పినట్టు ఆడండి. పూసను ఆ పెట్టె ముందే ఉంచండి. ఆట యంత్రం గెలిస్తే పూసలన్నీ వాటి పెట్టెల్లోకి వెనక్కి. ఓడితే యంత్రం చివరి ఎత్తుకు తీసిన పూస ఒక్కటే శాశ్వతంగా బయటికి, మిగతావి లోపలికి. ఏదైనా పెట్టె ఖాళీ అయిపోయి యంత్రం వంతు దాని దగ్గరికొస్తే, యంత్రం ఓటమి ఒప్పుకున్నట్టే. అప్పుడు అంతకుముందు ఎత్తు తాలూకు పూసను బయట పారేయాలి.

మొదట పూసలకు బదులు చింతపిక్కలు, మొక్కజొన్న గింజలు వేశాను. మా వీరులు వేలితో తడిమి నచ్చింది తీసేశారు. అందుకే సమాన సైజు పూసలే వాడండి.

మొదటి పది ఆటల్లో యంత్రం అచ్చం దద్దమ్మలా ఆడుతుంది. పిల్లలు తెగ సంబరపడతారు. పడనివ్వండి. ఈ తొమ్మిది పెట్టెల్లో తప్పుదారి పట్టించే పూసలు మొత్తం 20. ఓడిన ప్రతిసారీ ఒకటి బయటికి పోతుంది, మంచి పూస మాత్రం పోదు. అంటే ఎవరు ఆడినా యంత్రం 20 సార్లకు మించి ఓడలేదు. ఆ తర్వాత హెడ్ మేస్టారొచ్చి ఆడినా గెలుపు దానిదే. 10లో ఎరుపు, 8లో తెలుపు, 7లో ఎరుపు, ఇలా మిగులుతాయి. ఎప్పుడూ అవతలివాడికి మూడో ఎక్కంలో అంకె వదలడమే కిటుకు. మూడో ఎక్కం యంత్రానికి ఎవరూ నేర్పలేదు. దానికి ఇప్పటికీ రాదు.

ఇప్పుడు తీసి చూడండి. పూసలు తీసే పిల్లాణ్ణి మార్చండి, ఆట మారదు. పెట్టెలు మార్చి పూసలు అవే పోయండి, ఆట మారదు. 7, 8 పెట్టెల్లో పూసలు తారుమారు చేయండి, మళ్లీ దద్దమ్మ. తెలివి పూసల లెక్కలో ఉంది, ఆ లెక్క మనం ఓడిస్తే వచ్చింది. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే ఏఐలో ఇలా సర్దిన సంఖ్యలు 17,500 కోట్లు. అక్కడ పూసలు పారేయడం ఉండదు. తర్వాతి మాట ఊహించడంలో తప్పు తగ్గేలా సంఖ్యల్ని పిసరంత పిసరంత జరుపుతారు. తప్పు చూసుకుని సర్దుకోవడం మాత్రం రెంటికీ ఒకటే.

ఫోను, వాలుగ దవడ

ఫోనులోని ఏఐని వాలుగ దవడ దేనికి వాడతారని అడిగాం. చేపల వల అల్లడానికని తడుముకోకుండా చెప్పింది. ప్రశ్నలో ఒక్కో మాట తీస్తూ, చేరుస్తూ అడగండి: పొందూరు అని చేర్చితే ఏమంటుంది, ఖద్దరు అంటే ఏమంటుంది, మన యాసలో అడిగితే ఏమంటుంది. ఏ మాటకు జవాబు మారిందో పక్కన రాసుకోండి. జనం ఎక్కువగా రాసి పెట్టిన చోట అది ఘనాపాఠి. రాయని చోట అంతే ధైర్యంగా ఊరికే పూరించేస్తుంది. గొంతులో తేడా ఉండదు, అదే చిక్కు.

తర్వాత మా విద్యార్థి ఒకడి మామ్మ దగ్గరికి వెళ్లాం. పొందూరు ఖద్దరుకు పత్తిని వాలుగ దవడతోనే దువ్వుతారు. ఎండిన దవడ అరచేతిలో పడుతుంది. దాని మీద సన్నటి పళ్లు వరసలు వరసలుగా, లోపలికి వాలి ఉంటాయి. నోట పడిన చిన్న చేప జారిపోకుండా పట్టుకోడానికి పెరిగిన పళ్లవి. మామ్మ వాటితో గింజ మీదున్న దూదిని దువ్వుతుంటే చెత్త, ఆకుపొడి పళ్లకు చిక్కుకుని పీచు వెంట్రుకల్లా చదునుగా పరుచుకుంటోంది.

ఇక్కడా తీసి చూశాం. దవడ తీసేసి ప్లాస్టిక్ దువ్వెన ఇచ్చాం. నాలుగుసార్లు గీకి పక్కన పడేసింది, దూది ఉండలు కట్టింది. దవడ ఉంచి మామ్మను తీసి నన్ను కూర్చోబెట్టాం. అదే పత్తి, అదే దవడ, అయినా ఉండలే. "లాగీకు నాయినా, పీకడం కాదది. దాని బరువు మీదే జారనీ" అంది మామ్మ. అరగంట తర్వాత ఒక గింజకు కుదిరింది. చేప తన తిండి కోసం పెంచుకున్న పళ్లలో దువ్వెనను చూసిన మొదటి కన్ను ఎవరిదో గానీ, డిజైన్ అంటే నాకు ఇప్పుడు ఆ చూపే గుర్తొస్తుంది.

మూడో శనివారం ఆ ప్రశ్న వేసిన గుంటడే లేచి, "ఈసారి మేస్టార్ని తీసి చూద్దామేటి?" అన్నాడు. సరేనని స్టాఫ్ రూములో కూర్చున్నాను. ముప్పావు గంట తర్వాత ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. రూలు తిప్పి, ఆఖరి పుల్ల తీసినవాడు ఓడినట్టని పెట్టుకున్నారట. పూసలన్నీ మళ్లీ మొదట్లోలా పోసి, బాగా ఆడే పిల్లను ఎదురు కూర్చోబెట్టారట. 14 ఆటలకు 10 అంకె పెట్టె ఖాళీ అయిపోయింది.

"పాడైపోనాది మేస్టారూ, మొదలెట్టకముందే ఓడిపోనానంటంది."

పాడవలేదన్నాను. కావాలంటే 1 పుల్ల నుంచి మొదలుపెట్టి, 2, 3, 4 అని ఒక్కోటి పెంచుకుంటూ, మొదట తీసేవాడు ఎక్కడ ఓడక తప్పదో రాసుకు రమ్మన్నాను. చీపురు నుంచి ఇంకో నాలుగు పుల్లలు లాక్కుని వెళ్లారు.