ఓడ ఎక్కే ముందు

విమానం తప్పిపోతే వెనకాలే ఇంకో విమానం ఉంటుంది. ఓడ తప్పిపోతే అది తర్వాత ఆగే రేవు దాకా మనమే తరుముకుంటూ వెళ్ళాలి. ఆ రేవు మరో దేశంలో ఉంటుంది, ఆ దేశం వీసా మన దగ్గరుందో లేదో సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది. నాలుగు క్రూయిజ్‌లు, అంటే ఓడలోనే ఉంటూ రేవు రేవుకీ తిరిగే విహారయాత్రలు, తిరిగొచ్చాక నా లెక్క ఇదీ: మామూలు ప్రయాణికుణ్ణి తుఫాను కన్నా గడియారమే ఎక్కువ ఏడిపిస్తుంది. అందుకే ముందు దాని సంగతి.

ఓడ లోపల నడిచేది షిప్ టైమ్, అంటే ఓడ గడియారాలు చూపించే సమయం. మధ్యలో ఒక్క పూట ఆగే రేవు కోసం ఓడవాళ్ళు గడియారాలు మార్చకపోవచ్చు. మన ఫోన్‌కి ఆ సంగతి తెలీదు. ఒడ్డు మీది టవర్ సిగ్నల్ దొరగ్గానే దానంతటదే గంట వెనక్కో ముందుకో జరిగిపోతుంది. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక చిన్న ద్వీపంలో కాఫీ తాగుతూ కూర్చున్నాం. నాలుగున్నరకల్లా ఓడలో ఉండాలి, నా ఫోన్‌లో మూడూ ఇరవై. బోలెడు టైముందని రెండో కాఫీ చెప్పబోతుంటే మా ఆవిడ తన చేతి వాచీ నా ముఖం ముందు పెట్టింది. నాలుగూ ఇరవై. ఎక్కిన రోజు షిప్ టైమ్‌కి పెట్టుకుని ఆ తర్వాత ముట్టుకోలేదట. ఆ పరుగు ఇప్పటికీ కలలోకొస్తుంది. పైడెక్ మీద జనం వరసగా నిలబడి చప్పట్లు కొడుతూ వీడియోలు తీశారు. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చేవాళ్ళని చూడ్డం ఓడలో ఒక వినోదమని అప్పుడే తెలిసింది.

కాబట్టి ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేయండి, లేదా చవకరకం వాచీ ఒకటి చేతికి పెట్టుకోండి. ఓడ ఎన్నింటికి కదులుతుందో కాదు, ఎన్నింటికల్లా లోపల ఉండాలో చూసుకోండి. రెండిటికీ మధ్య అరగంట నుంచి గంట దాకా తేడా ఉంటుంది. ఓడవాళ్ళే అమ్మే టూర్‌లో వెళ్తే బస్సు ఆలస్యమైనా వాళ్ళ బాధ్యత. మనం సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్తే మన కోసం ఎవరూ ఆగరు. అలాగని సొంతంగా వెళ్ళొద్దనను, చాలా చోట్ల అదే చవక, అదే హాయి. దూరం మాత్రం చూసుకోవాలి. రోమ్ అని రాసి దించేది చివిటావెక్కియాలో, అక్కణ్ణుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. పారిస్ అని రాసి దించేది లె హావ్ర్‌లో, సుమారు 200 కిలోమీటర్లు. అలాంటి చోట్ల నేను నోరు మూసుకుని ఓడవాళ్ళ బస్సే ఎక్కుతాను. రేవు పక్కనే ఊరుంటే కాలినడకే.

గ్రీసు ద్వీపం శాంటోరిని లాంటి చోట్ల ఓడ ఒడ్డుకు రాదు, సముద్రంలోనే లంగరేసి చిన్న పడవల్లో దించుతారు. అక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది చివరి పడవ టైము. అది కూడా కొండ మీది నుంచి కిందికి దిగే కేబుల్ కార్ లైన్‌ని లెక్కలో వేసుకుని. సాయంత్రం ఆ లైన్ చూశాక చాలామంది వందల మెట్లు దిగడానికే సిద్ధపడతారు.

ఒడ్డుకు దిగేటప్పుడు పాస్‌పోర్ట్ జెరాక్సు, ఒక కార్డు, ఆ రేవులో ఓడ తరఫు ఏజెంట్ నంబరు జేబులో ఉండాలి. ఆ నంబరు రోజూ గదికొచ్చే కాగితంలోనో, ఓడ యాప్‌లోనో దొరుకుతుంది. ఖర్మకాలి మిగిలిపోతే ముందు ఫోన్ చేయాల్సింది అతనికే.

కాగితాల విషయంలో అందరికీ తెలిసింది పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువుండాలని. తెలియకుండా ముంచేది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. బార్సెలోనాలో ఎక్కి, ట్యునీషియా చూసి, మళ్ళీ బార్సెలోనాలో దిగితే మనకది ఒక్క ప్రయాణం. ట్యునీషియా షెంగెన్‌లో లేదు కాబట్టి ఇమిగ్రేషన్ లెక్కలో రెండు ప్రవేశాలు. సింగిల్ ఎంట్రీ వీసాతో ఇరుక్కుంటారు. రూట్‌లో ఉన్న ప్రతి దేశానికీ వీసా సంగతి విడివిడిగా చూడండి. ఆ ఊళ్ళో మేం దిగమండీ అన్నా వినకుండా మొదటి రేవులోనే ఎక్కనివ్వకపోవచ్చు. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశం రూట్‌లో ఉంటే, సూది వేయించుకున్న పదో రోజు నుంచే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. వారం ముందు పరిగెత్తి లాభం లేదు. ఇంకోటి, ఓడ బయల్దేరే ఊరికి ఒక రోజు ముందే చేరుకోండి. విమానం ఆలస్యమైతే హోటల్లో నిద్ర తగ్గుతుందంతే.

ఇక ఒంటి సంగతి. కడుపులో తిప్పేవాళ్ళు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకోవాలి, ఊపు అక్కడే తక్కువ. మాత్ర వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ పట్టీ అయితే కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులు పనిచేస్తుంది. అంటించాక చేతులు కడుక్కోకుండా కళ్ళు నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు డాక్టర్నడక్కుండా దాని జోలికి పోవద్దు.

ఓడలో అంటుకునే వాంతులు విరేచనాలు చాలాసార్లు నోరోవైరస్ పనే. చేతులకి శానిటైజర్ జెల్ రాసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళని చూస్తే నాకు భయం, ఆ వైరస్‌కి జెల్ అంతగా లొంగదు. సబ్బు, నీళ్ళు, 20 సెకన్లు. పట్టుకుంటే దాచకుండా ఓడ డాక్టర్‌కి చెప్పండి. రెండు రోజులు గదిలో కూర్చోబెడతారని దాచి డైనింగ్ హాల్‌కి వచ్చేవాళ్ళ వల్లే మిగతావాళ్ళూ మంచం పడతారు.

ఇన్సూరెన్స్ కాగితంలో రెండు మాటలు వెతకండి: క్రూయిజ్, ఎవాక్యుయేషన్. ఓడలో వైద్యానికి విడిగా బిల్లు వేస్తారు. అంతకన్నా పెద్ద ఖర్చు నడిసముద్రం నుంచి హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేర్చడం. ఓడలో ఉన్నంతసేపూ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. ఓడ సొంత శాటిలైట్ నెట్‌వర్క్‌కి తగులుకుంటే వచ్చే బిల్లు గురించి చెప్పి మిమ్మల్ని బాధపెట్టను.

ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే మొదటి రోజు సేఫ్టీ డ్రిల్ ఎగ్గొట్టాలని అందరికీ ఉంటుంది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిలియో ద్వీపం దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ బండరాళ్ళకి తగిలి ఒరిగిపోయింది, 32 మంది పోయారు. ఆ సాయంత్రం ఎక్కినవాళ్ళకి ఇంకా డ్రిల్ జరగలేదు, 24 గంటల్లోపు చేస్తే చాలని అప్పటి నియమం. ఇప్పుడు ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో చేయాల్సిందే. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీకు కేటాయించిన చోటికి వెళ్ళాలి. సామాను సర్దుకునే ముందే నేను గది నుంచి అక్కడికి మెట్ల మీదుగా ఒకసారి నడిచొస్తాను. ప్రమాదంలో లిఫ్ట్ వాడకూడదు.

సామాన్లంటే గుర్తొచ్చింది. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, మందులూ కళ్ళజోడూ చేతిసంచిలో ఉంచుకోండి. ఇస్త్రీపెట్టె, కెటిల్ తెస్తే తీసి పక్కన పెడతారు. దిగే ముందు రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు, తెల్లారేసరికి వాటిని తీసుకెళ్ళిపోతారు. మర్నాడు వేసుకోవాల్సినవి తల నుంచి కాలి దాకా మంచం మీద పేర్చుకున్నాకే పెట్టె మూయండి. మొదటిసారి నేను తల నుంచి మొదలుపెట్టి మోకాళ్ళ దగ్గర ఆగిపోయాను. ఇమిగ్రేషన్ లైన్లో ప్యాంటూ కోటూ, కాళ్ళకి ఓడ గదిలో ఇచ్చిన తెల్లటి గుడ్డ స్లిప్పర్లు.