ముందు దవడ వదలండి

పోయినేడు వెనక పన్ను ఒకటి చల్లనీళ్లకు జివ్వుమంటుంటే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నోట్లో చిన్న అద్దం పెట్టి, నా చేతికి ఇంకో అద్దం ఇచ్చి చూడమన్నారు. దవడ పళ్ల మీద ఉండాల్సిన ఎత్తుపల్లాలు లేవు. అరిగిపోయి పలకలా నున్నగా ఉన్నాయి. "నిద్రలో పళ్లు నూరుతున్నారు. పగలు కూడా బిగించే ఉంచుతున్నారేమో ఒకసారి చూసుకోండి" అన్నారు.

ఇంటికొచ్చి చూసుకున్నాను. నాది అచ్చుతప్పులు దిద్దే పని, రోజుకు ఎనిమిది గంటలు తెర ముందే. పొద్దున కూర్చున్న దగ్గర్నుంచి పై పళ్లు కింది పళ్ల మీద ఆనే ఉన్నాయి. పని వేళ అలా ఉందంటే అర్థం చేసుకోవచ్చు. రాత్రి సోఫాలో కాళ్లు చాపుకుని ఫోన్ చూస్తున్నప్పుడూ అంతే. ఎడమ భుజం చెవి వైపు ఎగదన్ని ఉంది, పొట్ట లోపలికి పట్టి ఉంది. గంటసేపు విశ్రాంతి తీసుకున్నాననుకుని లేచేదాన్ని. ఒళ్లు మాత్రం ఆ గంటా కష్టపడుతూనే ఉంది.

అప్పట్నుంచి నేను పట్టుకున్న దారి ఒక్కటే. ముందు ఒంటిని వదులు చెయ్యాలి, మనసు సంగతి తర్వాత. "ఇక ఏమీ ఆలోచించకు" అని మనసుకు చెప్పిన కొద్దీ ఇంకా ఆలోచిస్తుంది. దవడకు చెబితే ఆ క్షణమే వదులుతుంది. కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

పెదాలు మూసుకోండి, పళ్లు మాత్రం ఒకదానికొకటి తగలనివ్వకండి. నాలుక కొనను పై పళ్ల వెనక, 'న' అనబోయి ఆగినట్టు, మెల్లగా ఆనించండి. అంతే. పై పళ్లూ కింది పళ్లూ కలవాల్సింది నమిలేటప్పుడూ మింగేటప్పుడూ. మిగతా సమయమంతా మధ్యలో కాస్త సందు ఉండాలి. అరనిమిషం ఇలా ఉంచితే చెంపల్లో, చెవుల ముందు, పట్టు సడలడం తెలుస్తుంది. కాసేపటికి మీకు తెలియకుండానే మళ్లీ బిగుసుకుంటుంది. విసుక్కోకండి, మళ్లీ వదలండి. నేను తెర అంచున ఒక పచ్చ చుక్క అంటించుకున్నాను. అది కంటపడ్డప్పుడల్లా దవడ చూసుకుంటాను.

తర్వాత ఊపిరి. చాలామంది "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు గానీ, పీల్చడం కన్నా వదలడం మీదే దృష్టి పెట్టాలని నా అనుభవం. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకుంటూ నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. పీల్చేటప్పుడు కొట్టుకోవడం కాస్త తొందరగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా ఉండడం చాలామందికి వేళ్లకు తెలుస్తుంది. మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ అనే నరం ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. ఐదు నిమిషాలు చాలు. రొమ్ము నిండా పీల్చాల్సిన పని లేదు, మామూలుగా పీల్చండి. ఎక్కువ లాగితే తల తిరుగుతుంది.

ఇప్పుడు అసలు పని: ఒక్కో కండరాన్నీ బిగించి వదలడం. దీనికి పావుగంట పెట్టుకోండి, తలుపు దగ్గరగా వేసుకోండి. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు 1920లలో దీన్ని పద్ధతిగా తీర్చిదిద్దారు. కండరాల్లో పుట్టే సన్నని విద్యుత్తును కొలిచి చూస్తే, హాయిగా పడుకున్నామని అనుకునేవాళ్లలో కూడా ఎంతో కొంత బిగువు మిగిలే ఉంటుందని ఆయన గమనించారు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నా సోఫా గంటలన్నీ గుర్తొచ్చాయి. ఆయన నెలల తరబడి నేర్పేవారు. ఇప్పుడు అందరూ చేసేది దాని పొట్టి రూపం.

నేల మీద దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకోండి. తల కింద పల్చటి దిండు, మోకాళ్ల కింద లావుపాటిది. కుడి పిడికిలి బిగించండి, ఉన్న బలమంతా పెట్టొద్దు, సగం కన్నా కాస్త ఎక్కువ. ఐదు నుంచి ఏడు సెకన్లు పట్టి ఉంచి, ఒక్కసారిగా వదిలెయ్యండి. నెమ్మదిగా తెరవడం కాదు, పట్టుకున్న తాడు జారవిడిచినట్టు. వేళ్లు వాటంతటవే సగం ముడుచుకుని పడి ఉంటాయి, అలాగే ఉండనివ్వండి. అరచేతిలోకి వెచ్చదనం పాకుతుంది, చెయ్యి నేలకు ఇంకాస్త బరువుగా ఆనుతుంది. ఇరవై, ముప్పై సెకన్లు ఇంకేమీ చెయ్యకుండా ఆ తేడానే గమనించండి. చాలామంది బిగించడం శ్రద్ధగా చేసి, ఈ ముప్పై సెకన్లు తొందరపడి దాటేస్తారు. నేర్చుకునేదంతా అక్కడే ఉంది. బిగువు ఎలా ఉంటుందో, వదులు ఎలా ఉంటుందో ఒంటికి పక్కపక్కన చూపిస్తున్నారన్నమాట. ఆ తేడా తెలిశాక పగలు, పని మధ్యలో, భుజం ఎక్కడం మొదలవగానే పట్టేసుకోగలరు.

అదే తీరులో కుడి మోచెయ్యి మడిచి పై చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి. కనుబొమలు పైకెత్తి నుదురు. కళ్లు గట్టిగా మూసి కనురెప్పలు. దవడను మాత్రం మెల్లగా, అరిగిన పళ్లున్నవాళ్లు అసలు బిగించకుండా, నోరు కాస్త తెరిచి వదిలితే చాలు. భుజాలు చెవుల దాకా ఎత్తి జారవిడవండి. ఆ తర్వాత పొట్ట, తొడలు. పిక్కల దగ్గర జాగ్రత్త: పాదాన్ని ముందుకు చాచి బిగిస్తే కండరం పట్టేస్తుంది, కాలివేళ్లను మీ వైపు లాక్కోవడమే మంచిది. దెబ్బ తగిలిన చోట, ఆపరేషన్ అయిన చోట వదిలేసి ముందుకు వెళ్లండి.

మొదటి వారం నాకు ఏమీ అనిపించలేదు. రెండో వారంలో ఒకరోజు ఎడమ భుజం వదలగానే అది నేలకు తగిలింది. అంతకుముందు అది నేలకు తగలడమే లేదని అప్పుడు తెలిసింది. అలాగే పడుకుని చాలాసేపు లేవలేదు.

మిగతావి చిన్నవి. పని అవగానే కంప్యూటర్ మీద పాత తువ్వాలు కప్పేస్తాను. కళ్లెదుట తెర ఉంటే చెయ్యి దానివైపే పోతుంది. చీకటి పడ్డాక పైకప్పు లైటు ఆర్పి, మూలన తక్కువ వెలుగున్న దీపం ఒక్కటే ఉంచండి. రాత్రి గట్టి వెలుతురు నిద్రను తెచ్చే మెలటోనిన్‌ను వెనక్కి నెడుతుంది. పడుకోవడానికి గంట, గంటన్నర ముందు గోరువెచ్చని కన్నా కాస్త ఎక్కువ వేడి నీళ్లతో పది నిమిషాలు స్నానం చెయ్యండి. చర్మంలోకి, చేతుల్లోకి, పాదాల్లోకి రక్తం వచ్చి లోపలి వేడి బయటికి పోతుంది. అలా ఒళ్లు చల్లబడుతున్నప్పుడే నిద్ర దగ్గరికొస్తుంది. తీరిక లేకపోతే బకెట్లో పాదాలు ముంచుకున్నా బాగుంటుంది. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్లు నీళ్లను ముందు మోచేతితో చూసుకోవాలి.

పక్క ఎక్కే ముందు ఐదు నిమిషాలు కాగితం, కలం. ఇదివరకు నేను ఆ రోజు ఏమేం చేశానో రాసుకునేదాన్ని. 2018లో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన ప్రయోగంలో, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే చెయ్యాల్సిన పనులు రాసినవాళ్లు త్వరగా నిద్రపోయారు. అది చదివి తిప్పేశాను. "రేపు పదింటికి మూడో అధ్యాయం, బిల్లు కట్టాలి, అక్కకు ఫోన్" అని విడివిడిగా, వివరంగా రాస్తాను. కాగితం మడిచి వంటింట్లో పెట్టి వస్తాను, ఫోన్ కూడా దాని పక్కనే.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఊరికే గుండె దడదడలాడుతున్నా ఇవి చేస్తూ కూర్చోకండి, డాక్టరుకు చూపించుకోండి.

రాత్రి పక్కమీద ఇంకోసారి కుడి పిడికిలి నుంచి మొదలుపెడతాను. ఈమధ్య భుజాల దాకా వచ్చేసరికే నిద్ర పట్టేస్తోంది. పొట్ట, కాళ్లు చెయ్యకుండానే మిగిలిపోతున్నాయి.